కనిపెట్టడం, కనిపెట్టుకుని ఉండటం

(సిస్టరమ్మ స్మారకోపన్యాసం పాఠం)

నర్సింగ్ విద్యార్థినులు ముందు వరుసలు డాక్టర్లకి వదిలేసి గోడవారగా నిలబడ్డారు. ముందు ఇంకా కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండమ్మా. ఈ సభ ఎవరి జ్ఞాపకంగా జరుగుతోందో ఆవిడే ఉంటే, మిమ్మల్ని నిలబెట్టి నన్ను మాట్లాడనిచ్చేది కాదు.

ఆహ్వానపత్రికలో ఆవిడ పేరెందుకు వెయ్యలేదని కొందరు ఫోన్ చేసి అడిగారు. ఇంట్లోవాళ్ళు వద్దన్నారు. "అమ్మ పేరు చెబితే ఎవరికీ తెలీదు సార్. అందరికీ సిస్టరమ్మే" అన్నాడు వాళ్ళబ్బాయి. నిజమే. క్యాన్సర్ డే కేర్ వార్డులో పద్దెనిమిదేళ్ళు ఆవిడతో కలిసి పనిచేశాను. కాగితాల మీద ఆవిడ నా కింద పనిచేసినట్టు ఉంటుంది. వార్డులో సంగతి వేరు.

పోయిన ఏడాది ఆవిడ పోయాక వాళ్ళబ్బాయి ఒక గుడ్డసంచి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. లోపల పదకొండు లాంగ్ నోటు పుస్తకాలు. పేజీకి నాలుగు గళ్ళు. పేరు, మందు ఎక్కించిన తేదీ, మూడో గడి మీద "మామూలుగా", నాలుగో గడి మీద "ఇప్పుడు". అంతే. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ మూడో గడి గురించి. ఎన్ని దేశాలు తిరిగివచ్చినా చివరికి అక్కడికే చేరతాను. ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో లేచి వెళ్ళాల్సినవాళ్ళు ఉంటారు కదా.

ఇమ్యునోథెరపీ తీసుకుంటున్న క్యాన్సర్ రోగుల్లో దుష్ఫలితాల 'మానిటరింగ్' మీద మాట్లాడమన్నారు నిర్వాహకులు. మానిటర్ అంటే నాకు బళ్ళో అల్లరి చేసినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసిపెట్టే కుర్రాడే గుర్తొస్తాడు. తెలుగులో అంతకన్నా మంచి మాట ఉంది. కనిపెట్టడం అంటే ఎవరికీ తెలియనిది తెలుసుకోవడం. కనిపెట్టుకుని ఉండటం అంటే బాలింత పక్కనో మంచాన పడ్డ మనిషి పక్కనో కూర్చుని, కునికిపాట్లు పడుతూ కూడా చెవి అటే వేసి ఉండటం. మొదటి పని చేసినవాళ్ళకి నోబెల్ వస్తుంది. రెండో పని చేసేవాళ్ళకి నైట్ డ్యూటీ వస్తుంది.

మొదటి పని సంగతి క్లుప్తంగా చెబుతాను. మన రక్తంలో టీ-కణాలు అని కాపలా కణాలుంటాయి. అవి పరాయిదాన్ని చూస్తే పొడుస్తాయి. మనవాళ్ళనే పొడవకుండా వాటికి ప్రకృతి ముకుతాళ్ళు వేసింది. జపాన్‌లో తసుకు హొంజో బృందం 1992లో అలాంటి ఒక ముకుతాడును గుర్తించింది. దాని పేరు పీడీ-1. అమెరికాలో జేమ్స్ ఆలిసన్ సీటీఎల్ఏ-4 అనే ఇంకో ముకుతాడును విప్పితే ఎలుకల్లో క్యాన్సర్ గడ్డలు కరిగిపోతాయని 1996లో చూపించాడు. క్యాన్సర్ చేసే మాయ ఏమిటంటే, ఆ ముకుతాడునే తన చేత్తో పట్టుకుని ఎద్దును కదలనివ్వదు. తాడు విప్పితే ఎద్దు తిరగబడుతుంది. 2018లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్, అటెజోలిజుమాబ్ అని మీరు కేస్‌షీట్లలో చూసే మందులన్నీ ఈ తాడు విప్పే మందులే.

అయితే విప్పిన ఎద్దు క్యాన్సర్ పులినే పొడుస్తుందని హామీ ఏముంది? పక్కనున్న చేను కూడా తొక్కుతుంది. ఈ సంగతి మందు రాకముందే తెలుసు. సీటీఎల్ఏ-4 జన్యువే లేకుండా పుట్టించిన ఎలుకల గురించి 1995లో రెండు ప్రయోగశాలలు విడివిడిగా రాశాయి. ఆ ఎలుకలు మూడు నాలుగు వారాలు కూడా దాటలేదు. కోసి చూస్తే గుండెలో, క్లోమంలో, ఎక్కడ పడితే అక్కడ వాటి సొంత టీ-కణాలే దండుగా చేరి ఉన్నాయి. పీడీ-1 లేని ఎలుకల్లో కొన్నిటికి కీళ్ళూ మూత్రపిండాలూ, కొన్నిటికి గుండె దెబ్బతిన్నాయి. ఈనాడు మన వార్డుల్లో మనుషులకి ఏమేం జరుగుతోందో ఆ జాబితా అంతా అప్పుడే ఎలుకలు రాసిచ్చాయి.

మనుషుల వంతు వచ్చేసరికి, మెలనోమా అనే చర్మక్యాన్సర్ ముదిరిన 676 మందితో ఇపిలిముమాబ్ అనే తాడు విప్పే మందుపై జరిపిన పరీక్ష ఫలితాలు 2010లో వెలువడ్డాయి. ఆ జబ్బులో ఆయుష్షు పెంచిన మొదటి మందు అదే. అదే పరీక్షలో మందుల వల్లే 14 మంది చనిపోయారు, అందులో ఏడుగురు సొంత రోగనిరోధక శక్తి తిరగబడటం వల్ల. 2011 మార్చిలో అమెరికా ప్రభుత్వం మందుకి అనుమతి ఇస్తూ తయారీదారుకి ఒక షరతు పెట్టింది. రోగి జేబులో పెట్టుకునే కార్డు ఒకటి, నర్సులు ప్రతి మోతాదుకి ముందు అడగాల్సిన ప్రశ్నల పట్టీ ఒకటి మందుతోపాటు పంచాలి. వెనక నిలబడ్డ అమ్మాయిలు ఇది గుర్తుంచుకోండి. ఈ మందు పుట్టినరోజునే నర్సు అడిగే ప్రశ్న కూడా పుట్టింది.

కీమోథెరపీకి ఒక పంచాంగం ఉంది. ఎక్కించిన రోజు వాంతులు. పదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు పడిపోతాయి, ఆ రోజుల్లో జ్వరమొస్తే పరుగున రావాలి. మూడో వారానికి కోలుకుంటారు, మళ్ళీ ఎక్కిస్తాం. వార్డు ఆయా కూడా వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేది, "ఈయనకి రేపెల్లుండి జొరం తగులుద్ది సార్" అని. ఇమ్యునోథెరపీ వచ్చి ఆ పంచాంగాన్ని చింపేసింది. ఒంటి మీద దద్దుర్లు రెండు మూడు వారాలకే రావచ్చు. పేగు వాపు నెల దాటాక, కాలేయం ఇంకొంచెం ఆలస్యంగా, థైరాయిడ్, పిట్యూటరీ లాంటి గ్రంథులు రెండు మూడు నెలల తర్వాత. ఇదీ మామూలుగా కనిపించే వరస. కానీ మొదటి మోతాదుకే గుండె పట్టేసినవాళ్ళున్నారు, మందు మానేసిన ఏడాదికి విరేచనాలతో వచ్చినవాళ్ళూ ఉన్నారు. పైగా పెంబ్రోలిజుమాబ్ మూడు వారాలకోసారి కాకుండా రెట్టింపు మోతాదుతో ఆరు వారాలకోసారి ఇవ్వొచ్చని 2020లో ఒప్పుకున్నారు. దూరాభారం పడలేని రోగికి అది వరమే. కాదనను. కానీ ఆ ఆరు వారాల్లో మనం అతన్ని చూసేది ఒక్కరోజు, మిగతా నలభై ఒక్క రోజులూ ఆపద వచ్చేది వాళ్ళింటికి.

అందుకే సిస్టరమ్మ రోగులకి చేసే ఆ ఫోన్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, స్టోర్ గది గుమ్మంలో స్టూలు వేసుకుని, సొంత ఫోన్‌తో, సొంత రీచార్జ్‌తో. మొదట్లో నేను కొంచెం విసుక్కున్నాను కూడా. వాళ్ళకి ఏదైనా ఉంటే వాళ్ళే చేస్తారు కదా అనేవాణ్ణి. "చెయ్యరు సార్" అనేది. ఎందుకు చెయ్యరో తర్వాత చెబుతాను.

విరేచనాల దగ్గర ఆగుదాం. సభామర్యాద కాదేమో గానీ, ఈ విషయంలో అంతకన్నా ముఖ్యమైనది లేదు. పేగు వాపు తీవ్రతని మేం విరేచనాల లెక్కతో కొలుస్తాం. మామూలు కంటే రోజుకి నాలుగు లోపు ఎక్కువైతే మొదటి మెట్టు, మందు కొనసాగించవచ్చు. నాలుగు నుంచి ఆరు ఎక్కువైతే రెండో మెట్టు, మందు ఆపి స్టెరాయిడ్ సంగతి చూడాలి. ఏడు అంతకు పైన ఎక్కువైతే మూడో మెట్టు, ఆసుపత్రిలో చేర్చాలి. వినండి, "మామూలు కంటే". మామూలు ఎంతో తెలియకపోతే ఈ కొలబద్ద కొరగాదు. మూడు రోజులకోసారి వెళ్ళే ముసలాయనకి రోజుకి నాలుగంటే ప్రమాదం తలుపు తట్టినట్టు. కడుపులో గడ్డ తీయించుకుని ఎప్పుడూ రోజుకి ఐదుసార్లు వెళ్ళే మనిషికి ఆరంటే ఏమీ కాదు. ఇద్దరూ ఫోన్‌లో చెప్పేది ఒకటే, "కొంచెం మోషన్స్ అవుతున్నాయమ్మా" అని. సిస్టరమ్మ మొదటి మోతాదు ఎక్కించకముందే, చేతికి సూది గుచ్చకముందే అడిగేది. "బాబాయ్, సిగ్గుపడకు. మామూలుగా రోజుకి ఎన్నిసార్లు? రాత్రిపూట లేస్తావా? మెట్లెక్కితే ఆయాసం ముందునుంచీ ఉందా, కొత్తగానా? నీ గొంతు ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?" అదంతా మూడో గడి.

మన వాడుకలో ఇంకో చిక్కుంది. నోరు పూస్తే వేడి. కడుపు జారితే వేడి. ఒళ్ళు దద్దురెక్కితే వేడి, కళ్ళు మండితే వేడి. "పెద్ద మందు కదండీ, వేడి చేసింది" అనుకుని సబ్జా నీళ్ళు, పల్చటి మజ్జిగ తాగి పడుకుంటారు. నేనైతే క్లాసు పీకేవాణ్ణి, అలాంటిదేం లేదు, ఇది ఇమ్యూన్ రియాక్షన్ అని. వాళ్ళు తలూపి ఇంటికెళ్ళి మళ్ళీ మజ్జిగే తాగేవాళ్ళు. ఆవిడ ఆ మాటని కాదనలేదు, వాడుకుంది. "వేడి చేసిందా పెద్దమ్మా, ఎక్కడెక్కడ చేసింది? కడుపులోనా, నోట్లోనా, ఒంటి మీదా? ఎన్ని రోజులైంది?" అని అడిగేది. రెండు నిమిషాల్లో చర్మం, నోరు, పేగు మూడూ బయటికొచ్చేవి. మజ్జిగ తాగొద్దని ఎప్పుడూ చెప్పలేదు. మజ్జిగ తాగుతూ బయల్దేరమని చెప్పేది.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఒక రిటైర్డ్ టీచరు గారు వచ్చేవారు. అయిదో మోతాదుకి వచ్చినప్పుడు స్కానింగ్‌లో గడ్డ సగానికి సగం తగ్గింది. నేను ఆనందంగా ఉన్నాను. ఆయన నీరసం అన్నారు. క్యాన్సర్ అన్నాక నీరసం ఉండదా మాస్టారూ అని భుజం తట్టి పంపాను. థైరాయిడ్ పరీక్ష మూడు నెలల నాటిదే ఫైల్లో ఉంది, బాగానే ఉంది కదా అనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత సిస్టరమ్మ నా గదిలోకి వచ్చింది. "సార్, మాస్టారి కోడలితో మాట్లాడాను. మే నెలలో ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని పడుకుంటున్నారట." అంతే అని వెళ్ళిపోయింది. పరీక్ష చేయిస్తే థైరాయిడ్ పూర్తిగా చచ్చుబడి ఉంది. రోజుకో చిన్న మాత్రతో ఆ మంకీ క్యాప్ పోయింది. క్యాన్సర్ మందు ఆపనక్కర్లేకపోయింది కూడా. గ్రంథులు దెబ్బతింటే సాధారణంగా అంతే, లోటు పూడ్చుకుంటూ ముందుకెళ్ళవచ్చు. ఇంకో విచిత్రం ఏమిటంటే ఆ గ్రంథి చచ్చుబడే ముందు కొన్ని వారాలు ఎగసిపడుతుంది. గుండె దడ, చెమటలు, బరువు తగ్గడం. ఆయన ఆ వారాల్లో ఫోన్‌లో దడ అని చెప్పినట్టు ఆవిడ నాలుగో గడిలో ఉంది. నేనా పుస్తకం అప్పట్లో చూసేవాణ్ణి కాదు.

ఫోన్‌కి దొరకనివీ ఉన్నాయి, అవి రక్తపరీక్షకే దొరుకుతాయి. కాలేయం వాచినా చాలామందికి ఏమీ తెలియదు, ఎంజైములు మాత్రం లోపల మెట్లెక్కుతుంటాయి. మూత్రపిండాలూ అంతే. కాబట్టి మొదలుపెట్టే ముందే రక్తకణాలు, కాలేయం, క్రియాటినిన్, చక్కెర, థైరాయిడ్, గుండెకి ఈసీజీ, ట్రోపోనిన్ చూసి పెట్టుకోవాలి, హెపటైటిస్ బి, సి కూడా. తర్వాత ప్రతి మోతాదుకి ముందు ముఖ్యమైనవి మళ్ళీ చూడాలి. పొద్దున్నే ఎనిమిదింటి కార్టిసాల్ అడిగితే ల్యాబ్ వాళ్ళు మొహం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి. పిట్యూటరీ వాస్తే అటు అడ్రినల్, ఇటు థైరాయిడ్ రెండూ పడుకుంటాయి. రోగి తలనొప్పి అంటాడు, కళ్ళు తిరుగుతున్నాయంటాడు, బీపీ తక్కువ ఉంటుంది. అప్పుడు ముందు స్టెరాయిడ్ ఇచ్చాకే థైరాయిడ్ మాత్ర ఇవ్వాలి. వరస తప్పితే ప్రాణం మీదికొస్తుంది. చక్కెర కూడా అంతే. ఎప్పుడూ షుగర్ లేని మనిషి పది రోజుల్లో నాలుక పిడచకట్టి, రొప్పుతూ అత్యవసర విభాగానికి వస్తే, పాత కేస్‌షీట్ చూడని డాక్టరు వయసుతో వచ్చే షుగర్ అనుకుంటాడు. క్లోమంలో ఇన్సులిన్ కణాలే పోయి ఉంటాయి. మాత్రలతో కుదరదు.

దగ్గు గురించి పాశ్చాత్య పుస్తకాలు ఒకలా చెబుతాయి, మన ఊళ్ళు ఒకలా. అక్కడ ఇమ్యునోథెరపీ రోగి దగ్గుతూ వస్తే ఊపిరితిత్తుల వాపా, న్యుమోనియానా, క్యాన్సర్ పెరిగిందా అని మూడు ప్రశ్నలు. ఇక్కడ నాలుగోది టీబీ. పొరపాటున టీబీని వాపు అనుకుని పెద్ద మోతాదులో స్టెరాయిడ్ ఇస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పేగు వాపు స్టెరాయిడ్‌కి లొంగకపోతే వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ కూడా నిద్రపోతున్న టీబీని లేపుతుంది. అందుకే మా దగ్గర టీబీ పరీక్ష మొదటి రోజు జాబితాలోనే ఉంటుంది. విరేచనాలు రోజుకి పదిహేను అయ్యాక ఆ ఫలితం కోసం ఆగడానికి టైముండదు.

గుండె సంగతి భయపెట్టడానికి చెప్పను, కానీ దాచను. చాలా అరుదు. 2016లో అమెరికన్ వైద్యులు రెండు మందులు కలిపి ఇచ్చిన ఇద్దరు రోగులు గుండె కండరం వాచి చనిపోయిన వైనం రాశారు. తయారీదారు లెక్కల్లో రెండు మందులు కలిపినప్పుడు వెయ్యిమందిలో ముగ్గురి లోపే. అరుదైనా అన్నిటికన్నా ప్రాణాంతకం అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సమాచార నిధిలోకి చేరిన 131 గుండెవాపు కేసుల్లో 52 మంది బతకలేదని 2018లో లెక్క తేల్చారు. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే వస్తుంది. ఆయాసం, ఛాతీలో బరువు, కొత్తగా కాళ్ళవాపు. ఒక్కోసారి ఒంటరిగా రాదు. ఒంటి కండరాలూ, కనురెప్పలూ కూడా పట్టుకుని వస్తుంది. దీని గురించి ఇంకోసారి చెబుతాను.

స్టెరాయిడ్ అన్న మాటకి మన జనంలో రెండు చిత్రమైన స్పందనలు. కొందరికి వణుకు. ఎముకలు కరిగిపోతాయట కదండీ అంటారు. వాళ్ళు కొంచెం నిమ్మళించగానే ఇంట్లో మానేస్తారు. ఈ వాపులకి కిలోకి ఒకటి రెండు మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెట్టి, తగ్గాక నాలుగు నుంచి ఆరు వారాలపాటు మెల్లగా దించాలి. మధ్యలో తాడు తెంపితే ఎద్దు రెట్టింపు కోపంతో వస్తుంది. ఇంకొందరికి స్టెరాయిడ్ అని తెలియకుండానే అందుతుంది. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికెళ్ళి "ఒళ్ళు నొప్పులు" అంటే ఒక డెక్సా ఇంజెక్షన్. మూడు రోజులు బ్రహ్మాండంగా ఉంటుంది. లక్షణం కప్పబడిపోతుంది, వాపు కింద రగులుతూనే ఉంటుంది. ఆర్ఎంపీలని నేను తిట్టను. అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్ళే. సిస్టరమ్మ రోగి నోటి నుంచి వాళ్ళ నంబరు కూడా తీసుకుని పుస్తకం వెనక అట్ట మీద రాసుకునేది. "తమ్ముడూ, ఆయనకి నువ్వు సూది వేసే ముందు నాకో మిస్డ్ కాల్ ఇయ్యి" అని.

ఒక చిన్న పక్కదారి, భీమవరం మీదుగా. ఇమ్యునోథెరపీ తర్వాత కీళ్ళు వాచిపోయి, స్టెరాయిడ్ తగ్గించడం కుదరని వాళ్ళకి మేం వాడే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల్లోంచి వచ్చిన మందు అది. సిడ్నీ ఫార్బర్ బాస్టన్‌లో రక్తక్యాన్సర్ పిల్లలకి ఇచ్చి 1948లో ప్రకటించిన అమినోప్టెరిన్‌కి తోబుట్టువు. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు. క్యాన్సర్ మీదికి పంపిన పాత మందే ఇప్పుడు కొత్త క్యాన్సర్ మందు చేసిన గాయానికి పూతగా పనికొస్తోంది. ఆయన వింటే నవ్వుకునేవారేమో.

రోగులు వాళ్ళంతట వాళ్ళు ఎందుకు ఫోన్ చెయ్యరో చెబుతానన్నాను. పొలం అమ్మి కొన్న మందు. చెబితే ఆపేస్తారేమోనని భయం. ఒకాయన ఇరవై రోజులు రక్తవిరేచనాలు దాచారు, భార్యకి కూడా తెలియకుండా. ఎందుకండీ అంటే, "గడ్డ తగ్గుతోందన్నారు కదా, ఇంకో రెండు డోసులు పడనిద్దామనుకున్నా" అన్నారు. ఈ లెక్క తప్పని మనం మొదటి రోజే చెప్పాలి. దుష్ఫలితం వల్ల మందు ఆపాల్సివచ్చిన చాలామందిలో అప్పటిదాకా వచ్చిన గుణం నిలబడే ఉంది, తాడు ఒకసారి విప్పాక ఎద్దుకి దారి తెలిసిపోతుంది. దాచుకున్నవాళ్ళకే ఎక్కువ నష్టం. అయితే ఈ మాట నా నోటి నుంచి ఎన్నిసార్లు వచ్చినా పనిచెయ్యలేదు. ఆవిడ ప్రశ్న అడిగే పద్ధతే వేరు. "ఏమైనా ఇబ్బందుందా?" అని అడిగేది కాదు. ఆ ప్రశ్నకి మన దేశంలో ఒకటే జవాబు, ఏం లేదండీ అని. "నిన్న రాత్రి ఎన్నిసార్లు లేచావు?" అని అడిగేది.

ఈ మందు ఇప్పుడు చౌకవుతోంది, అది ఇంకో కథ. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్లలో నివోలుమాబ్‌ని 20 మిల్లీగ్రాములే, అంటే మామూలు మోతాదులో పదో వంతు కన్నా తక్కువ, మూడు వారాలకోసారి నోటి మాత్రలతో కలిపి ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత బతికున్నవాళ్ళు మాత్రలే తీసుకున్నవాళ్ళలో నూటికి 16 మంది, మందు కలిపినవాళ్ళలో 43 మంది. తీవ్రమైన దుష్ఫలితాలు పెరగలేదు. ఫలితాలు 2023లో అచ్చయ్యాయి. పొగాకు నమిలే, అడ్డపొగ తాగే మన ప్రాంతాలకి ఇది ఎంత పెద్ద కబురో వేరే చెప్పాలా? నాకు దాంతోపాటు ఒక దిగులు. మోతాదు తక్కువైనా తాడు తాడే. ఈ మందు ఇక పెద్ద ఊళ్ళలో ఆగదు, డివిజన్ కేంద్రాల్లోని ఆసుపత్రులకీ వెళుతుంది, వెళ్ళాలి కూడా. అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరుకి, కనురెప్ప వాలిన క్యాన్సర్ రోగిని చూస్తే ఏం తట్టాలి? రోగి జేబులో తెలుగులో రాసిన కార్డు ఒకటి ఉంటే తడుతుంది. మందు పేరు, చివరి మోతాదు తేదీ, "ఇది కీమో కాదు" అన్న ఒక వాక్యం, ఒక ఫోన్ నంబరు. అచ్చుకి రూపాయి కాదు.

అడగడం వల్ల ఆయుష్షు పెరుగుతుందా అని ఒకసారి సమావేశంలో ఒక పెద్దమనిషి నన్ను నిలదీశారు. పెరిగింది. న్యూయార్క్‌లో మెమోరియల్ స్లోన్ కెటెరింగ్‌లో 766 మంది ముదిరిన క్యాన్సర్ రోగుల్ని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు తమ బాధల్ని, పన్నెండు లక్షణాల్ని, ఎప్పటికప్పుడు కంప్యూటర్‌లో తామే నమోదు చేసేది. ముదిరితే నర్సుకి సందేశం వెళ్ళేది. రెండో జట్టుకి మామూలు వైద్యం. మొదటి జట్టులో సగంమంది 31 నెలలు దాటి బతికారు, రెండోదాంట్లో 26. అవి కీమో రోజులు, ఇమ్యునోథెరపీ కాదు, ఆ తేడా ఒప్పుకుంటాను. పంచాంగం ఉన్న మందుకే ఐదు నెలలు కలిసొస్తే పంచాంగం లేని మందుకి అడగడం ఇంకా అవసరమని నా వాదన. ఫోన్ యాప్‌లు వచ్చాయి, మంచివే. మా దగ్గరా ఒకటి పెట్టి చూశాం. రోగుల బదులు మనవలు నింపేవాళ్ళు, తాతగారికి అన్నీ సున్నాలే.

ఇమ్యునోథెరపీలోనే ఇంకో రకమైన కార్-టీ చికిత్స గురించి ఒక్క ముక్క. అందులో రోగి టీ-కణాల్నే బయటికి తీసి, మార్చి, తిరిగి ఎక్కిస్తారు. 2012లో ఫిలడెల్ఫియాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ళ పాపకి ఇచ్చాక వారాలపాటు వెంటిలేటర్ మీద ఉంది. రక్తం పరీక్షిస్తే ఐఎల్-6 అనే ఒక పదార్థం విపరీతంగా పెరిగి ఉంది. ఆ చికిత్స రూపొందించిన కార్ల్ జూన్ కూతురికి చిన్నప్పటి నుంచి కీళ్ళవాతం. ఆ ఇంట్లో తెలిసిన మందు టొసిలిజుమాబ్, సరిగ్గా ఐఎల్-6 ని అడ్డుకునేది. ఇచ్చారు. పాప తన ఏడో పుట్టినరోజున కళ్ళు తెరిచింది. మన దేశంలో ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి చేసిన నెక్స్‌కార్19 కి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. ఈ చికిత్సలో మెదడు మసకబారుతోందేమో చూడటానికి రోజూ పది మార్కుల పరీక్ష పెడతారు. ఇది ఏ ఏడాది, ఏ ఊరు, వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టు, ఒక వాక్యం రాయి. చేతిరాత వంకర పోతే అది మొదటి గంట. ఇది నేను చెప్పినప్పుడు సిస్టరమ్మ కాసేపు ఆలోచించి, "వేలిముద్ర వాళ్ళ సంగతేంటి సార్?" అంది. నాకు జవాబు లేదు. "ఆడవాళ్ళకైతే నాలుగు చుక్కల ముగ్గు వెయ్యమంటే సరి. నిన్నటి ముగ్గు, ఇవాళ్టి ముగ్గు పక్కపక్కన పెడితే తెలిసిపోదూ" అంది. ఏ మార్గదర్శకంలోనూ లేదిది. ఉండాల్సిందని నా నమ్మకం.

ఇప్పుడా ఫోన్లు ఒక చిన్నమ్మాయి చేస్తోంది, వెనక వరుసలోనే ఉంది, పేరు చెబితే సిగ్గుపడుతుంది. ఆసుపత్రి ఫోన్ ఇచ్చాం, రీచార్జ్ మాది. మందు ఆపి ఏడాది దాటినవాళ్ళకి కూడా చేస్తుంది. "ఇంకా ఎందుకమ్మా?" అని వాళ్ళు నవ్వుతారట. నవ్వనివ్వు, నువ్వు చెయ్యి అన్నాను.

కనురెప్పల సంగతి మళ్ళీ చెబుతానన్నాను. తొమ్మిదో నోటు పుస్తకంలో ఒక పేజీ ఉంది. మూత్రపిండం క్యాన్సర్ ఉన్న ఒక రైతు, రెండో మోతాదు అయిన పదహారో రోజు. మూడో గడిలో ఎప్పుడో రాసుకున్నది, "గొంతు పెద్దది, అరుస్తున్నట్టు మాట్లాడతారు." నాలుగో గడిలో, "బాగున్నా అన్నారు. గొంతు తేడా." రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ చేసింది. "సార్, మాట ముక్కులోంచి వస్తోంది. జలుబేమో అన్నాను, లేదంటున్నారు. అన్నం కూడా సరిగ్గా మింగలేకపోయారట." నేను పొద్దున్నే రమ్మనండి అన్నాను. "కారు మాట్లాడుకోమన్నాను సార్, బయల్దేరారు" అంది. అర్ధరాత్రి దాటాక వచ్చేసరికి రెండు రెప్పలూ సగం వాలి ఉన్నాయి, మెడ నిలబెట్టలేకపోతున్నారు. రక్తంలో కండరాల ఎంజైము వేలల్లో, ట్రోపోనిన్ పెరిగి ఉంది. కండరాలు, నాడి కండరంతో కలిసేచోటు, గుండె, మూడూ ఒకేసారి. ఆ రాత్రే స్టెరాయిడ్, మర్నాడు ఇమ్యునోగ్లోబులిన్ మొదలుపెట్టాం. పంతొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నారు. ఇమ్యునోథెరపీ మందు మళ్ళీ ఇవ్వలేదు. గడ్డ మళ్ళీ పెరగనూ లేదు, నాలుగేళ్ళయింది.

ఈ సభకి ఆయన్ని పిలిచాను. సిస్టరమ్మ సభ కాబట్టి తప్పకుండా వస్తానన్నారు. నిన్న రాత్రి ఫోన్ చేశారు, గొంతు చెవి పక్కన పెట్టుకోలేనంత పెద్దది. ఊడుపులు నడుస్తున్నాయట, కూలీలు దొరికిన రోజు వదులుకోలేనన్నారు.